కచ్చాకుట్టు భోజనం

జూన్ 4

ఒసే బఠాణీ,

నేను బతికే ఉన్నాను. ఈ మాట ముందే రాసేస్తున్నా. ఎందుకంటే నువ్వు ఉత్తరం విప్పేటప్పుడు రెండు కళ్ళూ మూసుకుని, ఒక కన్ను కొంచెం తెరిచి చూస్తావని నాకు తెలుసు. చిన్నప్పుడు మార్కుల కాగితం అలాగే చూసేదానివి.

ఫోన్ చెయ్యొచ్చుగా తాతయ్యా అంటావు. ఫోన్లో నా చెవి సగం మాటలే పట్టుకుంటుంది. పైగా నువ్వు "బాగున్నా" అని టక్కున పెట్టేస్తావు. కాగితం మీద అలా కుదరదు, అబద్ధం ఆడాలన్నా ఓ పేజీ ఆడాలి. అంత ఓపిక మన వంశంలో ఎవరికీ లేదు. నా అక్షరాలు కోడి గీకినట్టు ఉంటే సర్దుకో. బడి మధ్యలో మానేసి కత్తెర పట్టినవాణ్ణి, గీత గీస్తే గుడ్డ మీదే గీయాలి.

ఆసుపత్రి నుంచి వచ్చి వారం దాటింది. సెలైన్ ఎక్కించిన చెయ్యి ఇంకా కందిపోయి ఉంది, ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపించి టీ తాగిస్తున్నా. నీ చికెన్ కూర పుణ్యమా అని నర్సులందరూ చుట్టాలైపోయారు. ఒకావిడ జాకెట్టు కొలతలు కూడా ఇచ్చింది. మీ మామయ్యకి మంచానికీ బాత్రూంకీ మధ్య తిరిగి చెప్పులు అరిగిపోయాయట, అవి దాచుకుంటాడట. ఈసారి నువ్వు వంట చేసేటప్పుడు ముందే చెప్పు, అంబులెన్సు డ్రైవరుకి కూడా ఓ ప్లేటు పెడదాం.

మీ చిన్నమ్మమ్మ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. అమ్మమ్మ తన చెల్లెలికి సాయంగా వెళ్ళింది, ఆ కాలు అతుక్కునేదాకా రాదు. ఇంట్లో నేనూ, నా కుట్టుమిషనూ. రెండూ నూనె వేస్తేనే కదిలే రకం. భోజనం వీధి చివర మెస్సు నుంచి వస్తోంది. ఆ వంటవాడికి ఉప్పుతో ఏదో పాత పగ ఉన్నట్టుంది.

సెలవు పెట్టి ఓసారి రా.

ఇట్లు, నీ చేతి వంట తిని కూడా బతికిన
కత్తెర తాత

*

జూన్ 11

తాతయ్య గారికి,

మీ ఆరోగ్యం కుదుటపడిందని తెలిసి సంతోషం. కళ్ళజోళ్ళ షాపులో పని ఎక్కువగా ఉంది. ఇప్పట్లో రావడం కుదరదు. షుగరు బిళ్ళలు వేళకి వేసుకోండి. బయటి తిండి జాగ్రత్త.

మీ మనవరాలు

*

జూన్ 17

కళ్ళజోళ్ళ షాపు మేడం గారికి,

తమరెవరో నాకు తెలీదండీ. ఈ "మీరు", "గారు" చూసి కవరు మీద అడ్రసు మళ్ళీ చదివా, పక్కింటివాళ్ళది నాకొచ్చిందేమోనని. నా మనవరాలైతే నన్ను "ఒరేయ్ తాతా" అని కూడా పిలిచిన ఘనురాలు. నా మీసం పట్టుకుని నడక నేర్చింది.

సరే, విషయానికొస్తా. మీ అమ్మ మొన్న వచ్చింది. అడగ్గా అడగ్గా చెప్పింది. నువ్వు బిస్కెట్ పాకెట్ల మీదా, సీల్ వేసిన సీసా నీళ్ళ మీదా బతుకుతున్నావట. తను డబ్బాలో పెట్టి పంపిన కూర మూత కూడా తియ్యకుండా తిప్పి పంపావట. అప్పుడు నాకు బల్బు వెలిగింది. మా వంటిల్లు చూసి నీకు అసహ్యం వేసింది. మనింట్లో అందరం పడిపోయాం కదా, ఆ పొగచూరిన గోడలూ, ఆ అరిగిపోయిన చెక్కా నీ కళ్ళల్లో తిరుగుతున్నాయి. పైకి చెప్పలేక "పని ఎక్కువ" అన్నావు.

చెప్పొచ్చుగా పిల్లా! నేనేమన్నా అనుకుంటానా?

వెంటనే రంగంలోకి దిగా. గిన్నెలన్నీ బయటికి లాగి తోమించా. అరలకి కొత్త కాగితాలు పరిచా. కూరగాయలు తరిగే ఆ పాత చెక్క పొయ్యిలోకి పోయింది. గోడలకి తెల్ల రంగు వేయించా. ఎంత తెల్లగా ఉందంటే, పొద్దున లోపలికెళ్ళి మళ్ళీ ఆసుపత్రిలో చేరాననుకుని నర్సుని పిలిచా. అమ్మమ్మ తిరిగొచ్చి తన వంటిల్లు ఎక్కడుందని వీధిలో వాకబు చేస్తుంది, చూడు.

ఇప్పుడైనా వస్తావా?

ఇట్లు, నీ తెల్ల గోడల
కత్తెర తాత

*

జూన్ 23

తాతయ్యా,

చాలు, ఆపు. నీకు దండం పెడతా.

నాకు నీ వంటింటి మీద అసహ్యం లేదు. ఆ గోడల దగ్గరే కదా పీట వేసుకుని అమ్మమ్మ చేతి ముద్దలు తిన్నా. నా భయం నీ వంటిల్లు కాదు, నా చేతులు.

ఆ రోజు వండింది నేను. చికెన్ కోసింది ఆ చెక్క మీదే, దోసకాయ ముక్కలు తరిగింది ఆ చెక్క మీదే. మధ్యలో దాన్ని కడిగానా లేదా? ఎన్నిసార్లు తలుచుకున్నా కడిగినట్టూ ఉంటుంది, కడగనట్టూ ఉంటుంది. మీరందరూ తిన్నారు. వడ్డించే హడావిడిలో నేను కూర్చోలేదు. అందరూ పడిపోయి నేనొక్కదాన్నే నిలబడి ఉన్నా. స్ట్రెచర్ మీద నువ్వు జోకులేస్తూ వెళ్ళావు, నీ పెదాలు మాత్రం ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. నాకు అవే కనిపిస్తాయి.

అప్పట్నుంచీ మూత తీసి ఉన్న ఏ గిన్నెలోంచీ తినలేకపోతున్నా. నాతో గదిలో ఉండే టీచరు రోజూ నాకూ కలిపి వండుతుంది. ప్లేటు చేతిలోకి తీసుకుంటా, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూస్తా, ఆకలి లేదని తిరిగి ఇచ్చేస్తా. ఆవిడ తన వంట నచ్చలేదని మొహం ముడుచుకుంది. చేతులు కడిగి కడిగి వేళ్ళ సందుల్లో చర్మం పగిలింది. షాపులో కళ్ళద్దాలు తుడుస్తుంటే మండుతోంది. పాంటు జారిపోతోంది, పిన్ను పెట్టుకుంటున్నా.

మొన్న ధైర్యం చేసి మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళా. రోజుకి ఒక్క చెంచా ఇంటి వంట తినమంది. తిని, చేతులు కడుక్కోవడానికి పరిగెత్తకుండా, ఆ భయంతో పాటే కాసేపు కూర్చోమంది. అదే తగ్గుతుందట. ఒక్క చెంచా, తాతయ్యా. అది కూడా నా వల్ల కాలేదు.

నువ్వేమో ఉత్తరం నిండా "నీ చికెన్", "నీ చేతి వంట", "అంబులెన్సు". ఇప్పుడు చెక్క కాల్చేసి గోడలకి రంగు వేయించావు. నీకూ అనుమానం ఉన్నట్టేగా?

బఠాణీ

*

జూన్ 28

నా బంగారు బఠాణీకి,

నీ ఉత్తరం చదివి కత్తెర పక్కన పెట్టేశా. కస్టమరు పెళ్ళికొడుకు చొక్కాకి ఒక చెయ్యి ఇంకా కుట్టలేదు, వాడు అలాగే తిరగనీ.

ముందు ఒక మాట. నాకు జోకు తప్ప వేరే భాష రాదు. ఆసుపత్రి మంచం మీద భయమేసింది, అందుకే ఎక్కువ జోకులేశా. అవి నీ మీదికి విసిరిన రాళ్ళని నువ్వనుకుంటావని నా బుర్రకి తట్టలేదు. చెక్క కాల్చింది నీకు అసహ్యం వేస్తుందని. నీ మీద అనుమానంతో కాదు.

రెండో మాట. ఆ రోజు ఏది వికటించిందో డాక్టరు కూడా చెప్పలేదు. చికెను కావచ్చు, దోసకాయ కావచ్చు, నీళ్ళు కావచ్చు, మీ మామయ్య ఎండలో ఊరంతా తిప్పి తెచ్చిన ఐస్‌క్రీం కావచ్చు. నువ్వు చెక్క కడగకపోయి కూడా ఉండొచ్చు. చూశావా, రాసేశా, ఇల్లేం కూలలేదు. అది మనకి ఎప్పటికీ తెలీదు. తెలీకుండానే మళ్ళీ వండుకోవాలి, మళ్ళీ తినాలి.

ఇక మీ డాక్టరమ్మ సంగతి. ఆవిడ ఎవరో గానీ మా దుకాణం మనిషే! కోటు కుట్టేటప్పుడు మేం మొదట గట్టి కుట్టు వెయ్యం. పొడుగు దారంతో వదులుగా కచ్చాకుట్లు వేసి, తొడిగి చూస్తాం. బిగిస్తే ఊడదీస్తాం, మళ్ళీ వేస్తాం. ఊడిందని ఎవడూ ఏడవడు, అది ఊడడానికే వేసేది. ఆ ఒక్క చెంచా కచ్చాకుట్టు. ఇవాళ ఊడిందా, రేపు మళ్ళీ వెయ్యి.

కడగడం మానమని నేను అనను. పచ్చి చికెన్ పట్టుకున్న చేత్తో దోసకాయ పట్టుకుంటే మీ అమ్మమ్మే నా చెయ్యి విరిచేది. కానీ కొలత ఒకసారి తీసుకుంటాం, అనుమానం వస్తే రెండోసారి తీసుకుంటాం. మూడోసారి కూడా టేపు వేస్తే కొలత మారదు, కస్టమరు లేచిపోతాడు.

ఇప్పుడు నాకో సాయం చెయ్యాలి. మెస్సువాడు కూతురి కాన్పుకి వెళ్ళి తాళం వేశాడు. మీ మామయ్య ఇంట్లో తిందామంటే వాడు ప్రతి ముద్దకీ నా షుగరు లెక్క చెప్తాడు. నేనే వండుకుంటా. ఇన్నేళ్ళలో నేను పొయ్యి వెలిగించింది బీడీకోసమే. బంగాళాదుంప కూర ఎలా చెయ్యాలో రాసి పంపు. ఊహించి రాయకు. నువ్వు వండి, నువ్వు చెంచాడు రుచి చూసి, అప్పుడు కొలతలు రాయి. ట్రయల్ చూడని కోటు నేను తొడుక్కోను.

ఇట్లు, ఖాళీ కడుపుతో
కత్తెర తాత

*

జూలై 4

తాతయ్యా,

నీకు బుద్ధి లేదు. వంట రానివాడివి ఇంట్లో ఒక్కడివే పొయ్యి వెలిగిస్తానంటే నాకిక్కడ నిద్రెలా పడుతుంది? మామయ్య ఇంటికి పో అంటే పోవు. అందుకే, అందుకు మాత్రమే, వండా.

దుంపలు నీళ్ళ కింద మట్టి పోయేలా రుద్దు. సబ్బు వద్దు. (మొదటిసారి నేను సబ్బు పెట్టా. ఉడుకుతుంటే నురగొచ్చింది. టీచరు తొంగి చూసి, "ఇది కూరా, బట్టల బకెట్టా?" అంది. చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వాం. ప్లేటు ఎందుకు తిరిగిచ్చేస్తున్నానో అప్పుడే ఆవిడకి చెప్పా. ముడుచుకున్న మొహం విప్పింది.) చెక్కు తీసి ముక్కలు చెయ్యి. మునిగేదాకా నీళ్ళు పోసి, కొంచెం ఉప్పు వేసి ఉడికించు. మెత్తబడ్డాయో లేదో గుచ్చి చూడు. ఆ నీళ్ళు వంపేసి, ఉల్లిపాయ వేయించి, అందులో వేసి తిప్పు. వేడిగా ఉన్నప్పుడే తిను. మిగిలితే బయట వదిలెయ్యకు.

నేను చెంచాడు తిన్నా.

నోట్లో పెట్టుకుని మింగడానికి చాలాసేపు పట్టింది. మింగాక సింకు దగ్గరికి పోకుండా కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చున్నా. టీచరు పక్కనే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంది. భయం ముందు ఎక్కింది, తర్వాత మెల్లగా దిగింది. మర్నాడు మళ్ళీ ఒక చెంచా. మొన్న కుదరలేదు, ఊడిపోయింది. నిన్న రెండు.

ఉప్పు సరిపోయింది తాతయ్యా. ఆ మాట కూడా చెప్పాలి కదా.

బఠాణీ

*

జూలై 10

వంటల గురువమ్మకి,

నీ శిష్యుడు గెలిచాడు! నువ్వు చెప్పినట్టే దుంపలు రుద్దా. చెక్కు తీశా. నేను తీసిన చెక్కులో దుంప ఎక్కువ, దుంపలో చెక్కు ఎక్కువ. ముక్కలు మాత్రం ఒక్క సైజులో వచ్చాయి, టేపు పెట్టి కోశాగా. గుచ్చి చూడమన్నావు. దేంతో గుచ్చాలో రాయలేదు. కోటు గుండీలు కుట్టే పెద్ద సూది తీసి, దాన్ని దారంతో సహా వేడినీళ్ళలో ముంచి (చూశావా, శుభ్రం!) ఒక్కో ముక్కనీ పరామర్శించా. వెన్నలా దిగింది. ఉల్లిపాయ కొంచెం నల్లబడింది, అది నా రంగు కాబట్టి తప్పు పట్టలేదు. ఒక చెంచా తిన్నా. బఠాణీ, అదిరింది. మీ అమ్మమ్మకి ఇంక నాతో పనేముందో, నాకు ఆవిడతో పనేముందో...

ఇక్కడిదాకా రాసి, రెండో చెంచా ఎత్తబోతూ సూదుల దిండు వైపు చూశా. పెద్ద సూది లేదు.

పొయ్యి గట్టు మీద లేదు. కింద లేదు. సింకులో లేదు. పిన్నులు ఏరుకునే అయస్కాంతం తెచ్చి వంటిల్లంతా జల్లెడ పట్టా, రెండు గుండుసూదులూ, మీ అమ్మమ్మ ఎప్పుడో పారేసుకున్న జడపిన్నూ దొరికాయి. కూరంతా పళ్ళెంలో పోసి అయస్కాంతంతో కలిపా. లేదు. మొదటి చెంచాలో అయితే లేదు, ఉంటే తెలిసేది.

నా గురించి దిగులు పెట్టుకోకు. నాకేం భయం? ఇంకోసారి పిసికి చూసి, దొరక్కపోతే తినేస్తా. పోస్టు డబ్బా తెరిచే వేళైంది, వేసొస్తా.

ఇట్లు, సూది పోగొట్టుకున్న
కత్తెర తాత

*

జూలై 18

ఒరేయ్ తాతా,

నువ్వు అమ్మమ్మకి ఈ కథ వేరే రకంగా చెప్తావని నాకు తెలుసు. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నా.

నీ ఉత్తరం షాపులో విప్పా. "పిసికి చూసి తినేస్తా" దగ్గర చేతిలో అద్దం జారి పగిలింది. ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది. (మిషను సొరుగులో బట్టముక్కల కింద పెట్టావని తర్వాత తెలిసింది. ఫోన్‌కి చలేస్తుందా?) షాపు కోటు కూడా విప్పకుండా బస్సెక్కా. దారంతా నీ తెల్లటి పెదాలే.

తలుపు నువ్వే తీశావు. తీసి, "ఎవరు కావాలమ్మా?" అన్నావు.

నేను ఏడవబోతూ నీ వైపు చూశా. ఉతక్కుండా రోజూ తొడిగే నీ పని చొక్కా కాలర్ మడత కింద నుంచి నీలం దారం వేలాడుతోంది. దాన్ని పట్టుకుని లాగా. దాని వెనకాలే పెద్ద సూది వచ్చింది.

నువ్వు సూదిని నా చేతిలోంచి తీసుకుని చూశావు, జోకు వెయ్యడం మర్చిపోయావు. అది నేను పుట్టాక మొదటిసారి. జీవితమంతా కుట్టు ఆపగానే సూది కాలర్‌కి గుచ్చుకునే చెయ్యి, దుంప దగ్గరా అదే పని చేసింది. నువ్వు వంటిల్లంతా వెతికావు గానీ నీ మెడ వెతకలేదు. వచ్చే నెల కళ్ళజోడు మార్చుకోవాలి, నేనే చూస్తా.

అసలు సంగతి ఇప్పుడు. మిషను కింద బుట్టలో బట్టలు సర్దబోతే ఏం దొరికాయి? బిస్కెట్ పాకెట్లు. ఖాళీవి కొన్ని, సీల్ వేసినవి కొన్ని. "నాకేం భయం" అని రాసిన మనిషి ఆ ఉత్తరం పోస్టు చేసిన రోజు నుంచీ ఇంట్లో ముద్ద ముట్టలేదు! షుగరు మనిషివి, తీపి బిస్కెట్లు! నేను పాకెట్టు ఎత్తి చూపిస్తే గోడ వైపు తిరిగి, "రంగు బాగా వేశాడు కదూ" అన్నావు.

తాతయ్యా, నాకు కోపం వచ్చింది, తర్వాత ఏమైందో తెలీదు, గట్టిగా నవ్వొచ్చింది. నాలాగే ఉన్నావు. గిన్నెలో ఏముందో తెలీక మూత తియ్యడానికి భయపడే ముసలి బఠాణీ.

ఆ మధ్యాహ్నం నేను వండా. అన్నం, దుంపల కూర, ఉడికించిన గుడ్లు. ప్లేటు ముందు పెడితే నువ్వు దాన్ని అటు తిప్పావు, ఇటు తిప్పావు. ఆ చూపు నాకు బాగా తెలుసు. "కచ్చాకుట్టు తాతయ్యా, ఒక్క చెంచా" అన్నా. "ముందు నువ్వు" అన్నావు. "ఇద్దరం ఒకేసారి" అన్నా. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నమిలాం, ఎవరు ముందు పడతారా అన్నట్టు. తర్వాత నువ్వు ఉప్పు తక్కువన్నావు. అక్కణ్ణుంచి నాకు చెంచాల లెక్క గుర్తు లేదు. ప్లేటు ఖాళీ అయిందని గుర్తుంది.

మర్నాడు పొద్దున నువ్వు లేచి "టీ ఏదే?" అని అరిచేదాకా నీ గది గుమ్మం పట్టుకుని నిలబడ్డా. నీకది తెలీదు. ఇప్పుడు తెలుసుకో.

చికెన్ మాత్రం ఇంకా నా వల్ల కాదు. అడక్కు.

బఠాణీ

*

జూలై 24

నా కాలర్ ఇన్‌స్పెక్టరుకి,

అమ్మమ్మ వచ్చేసింది. వంటిల్లు చూసి గుమ్మంలోనే చెప్పులు విప్పి, "ఇది ఎవరిల్లు?" అంది. నువ్వు పంపిన కథ నేను దాచేలోపే చదివేసింది. అప్పట్నుంచీ కూర వడ్డించే ముందు నా కాలర్ తడిమి చూస్తోంది. ఇంటికొచ్చినవాళ్ళ ముందు కూడా. నా పరువు ఏమైందో నువ్వే ఆలోచించు.

కాలు విరిగిన చిన్నమ్మమ్మ కర్రతో నడుస్తోంది. నా పళ్ళెంలో బిస్కెట్లు లేవు. రెండు పూటలా ఇంటి అన్నమే. నువ్వెన్ని చెంచాలు తింటున్నావో నేను అడగను. పాంటుకి ఇంకా పిన్ను పెడుతున్నావా అని మాత్రం అడుగుతా. పెడుతుంటే తీసుకురా, నడుం బిగించి కుడతా. లావైతే మళ్ళీ విప్పడానికి గుడ్డ లోపల వదులుతా.

చికెన్ గురించి అడగొద్దన్నావు. అడగట్లేదు. ఈ కాగితం మూలకి గుచ్చిన పెద్ద సూది చూశావా? అది నీకే. దుంపలకి పనికొస్తుంది. వాడాక కాలర్‌కి గుచ్చుకో, మళ్ళీ అక్కడే ఉందని గుర్తు పెట్టుకో.

మీ డాక్టరమ్మకి నా నమస్కారం చెప్పు. కోటు కావాలంటే రమ్మను.

ఇట్లు, చొక్కా తడిమించుకుంటున్న
కత్తెర తాత

*

జూలై 30

తాతయ్యా,

నువ్వు పంపిన సూది షాపు కోటు కాలర్‌కే ఉంది. కస్టమర్లు చూసి, "మేడం, సూదండీ" అంటున్నారు. తెలుసండీ అంటున్నా. నిన్న టీచరుకీ నాకూ నేనే వండా. సగం తిన్నాక చూస్తే సూది కనపడలేదు. ఆవిడ చెంచా దించేసింది. నా చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్ళింది. అక్కడే ఉంది. ఇద్దరం తినేశాం.

చేతులు ఇంకా ఎక్కువే కడుగుతున్నా. కానీ పగుళ్ళు మానుతున్నాయి.

వచ్చే ఆదివారం వస్తున్నా. నువ్వు కాల్చేసిన చెక్కకి బదులు రెండు చెక్కలు కొని ఉంచు. ఒకటి పచ్చి మాంసానికి, ఒకటి మిగతావాటికి. మూడోది వద్దు. చికెన్ పొద్దున్నే నేనే తెస్తా, నేనే కోస్తా, నేనే వండుతా. మామయ్యని కూడా పిలువు. ఐస్‌క్రీం తేవద్దని చెప్పు, లేదా నేరుగా తెమ్మను.

వడ్డించేది మాత్రం నువ్వు. ఈసారి నేను మీ అందరితో పాటు కూర్చుని తింటా.

అంబులెన్సు డ్రైవరుకి ప్లేటు అక్కర్లేదు. ఆ ప్లేటు నాకు వెయ్యి.

బఠాణీ